రోమా సైనికుని అంగీ ఏ రంగు?

శ్రమకాలం వచ్చిందంటే అల్వాల్, లోతుకుంట, మచ్చబొల్లారం, బొల్లారం, తిరుమలగిరి ప్రాంతాల సంఘాల్లో సాయంకాలపు ధ్యానకూటాలతోపాటు సిలువ నాటకం రిహార్సళ్లు కూడా మొదలవుతాయి. యేసు ప్రభువు పాత్ర ఎవరికి, పేతురు పాత్ర ఎవరికి అనే మాట తేలగానే ఇంకొక వాదన లేస్తుంది. రోమా సైనికులకు ఏమి తొడగాలి? అట్టముక్కలకు బంగారు కాగితం అంటిస్తే చాలునని సండే స్కూల్ టీచర్లు అంటారు. పోయిన సంవత్సరపు ఎర్ర అంగీలు ఇంకా బాగానే ఉన్నాయి, కొత్తవి దండగ అని స్త్రీల సమాజంవారు అంటారు. నాలుగు వీడియోలు చూసి వచ్చిన యౌవనస్థుడొకడు, “అన్నా, ఆ కవచం ఆ కాలానిది కాదు, ఆ రంగూ కాదు” అంటాడు. నవ్వుతూ మొదలైన మాట కొన్నిచోట్ల అలకల దాకా, రిహార్సలుకు రాకపోవడం దాకా పోతుంది.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. రోమా సైన్యం చరిత్రను ప్రేమించి, ఆ కవచాలను సొంత ఖర్చుతో చేయించుకుని, తొడుక్కుని నడిచి చూసేవారు ఇంగ్లాండు, జర్మనీ, అమెరికా దేశాల్లో ఎందరో ఉన్నారు. వారిని రీఎనాక్టర్లు అంటారు. మనం రోమా వేషధారులు అని పిలుచుకుందాం. వారి మధ్య జరిగే వాదనల ముందు మన యూత్ మీటింగు గొడవ ఏపాటిది? వారు తేల్చుకున్న సంగతులేమిటో, ఇంకా తేలనివేమిటో, అందులో మన ఆత్మీయ జీవితానికి పనికివచ్చేది ఏమిటో ఈ వారం వివరించాలని అనుకుంటున్నాం.

కవచం దగ్గర మొదలైన తగవు

ఇంగ్లాండులో ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అనే రోమా వేషధారుల బృందం 1972లో ఏర్పడింది. అంతకు ముందు, 1964లో, ఆ దేశపు ఉత్తరాన కార్‌బ్రిడ్జ్ అనేచోట తవ్వకాల్లో ఒక పెట్టె దొరికింది. అందులో ఇనుప పట్టీలతో కూర్చిన రోమా కవచపు భాగాలు ఉన్నాయి. ఆ పట్టీలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో రసెల్ రాబిన్సన్ అనే ఆయుధ నిపుణుడు విడమరిచి చూపాడు. ఆయన గ్రంథం 1975లో వెలువడిన తరువాత ఆ నమూనా ప్రకారం కవచాలు చేయించుకోవడం ఒక ఉద్యమంలా సాగింది. దీనిని లోరికా సెగ్మెంటాటా అంటారు. ఆ పేరు రోమీయులు పెట్టినది కాదు, చాలా శతాబ్దాల తరువాత పండితులు పెట్టినది. సినిమాల్లోనూ సండే స్కూల్ బొమ్మల్లోనూ మనం చూసే పట్టీల కవచం ఇదే.

వాదన ఎక్కడ వచ్చింది? రోమ్ నగరంలోని త్రాజాను స్తంభం క్రీ.శ. 113లో ప్రతిష్ఠించబడింది. దానిమీద చెక్కిన లెగియోను సైనికులు పట్టీల కవచంతో ఉన్నారు, సహాయక దళాలవారు గొలుసు కవచంతో ఉన్నారు. అయితే అదే యుద్ధాన్ని గుర్తుచేస్తూ నేటి రుమేనియాలో ఆడమ్‌క్లిసి అనేచోట కట్టిన స్మారకం మీద లెగియోను సైనికులే గొలుసు కవచాలు, పొలుసుల కవచాలు వేసుకున్నారు. పట్టీల కవచం అక్కడ కనబడదు. ఒకే యుద్ధం, రెండు సాక్ష్యాలు. ఒకరు రాజధానిలోని శిల్పిని నమ్ముతారు, ఇంకొకరు యుద్ధభూమికి దగ్గరగా ఉన్న శిల్పిని నమ్ముతారు. ఈ తగవు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది.

అసలు యేసు ప్రభువు కాలానికి పట్టీల కవచం ఉందా? జర్మనీలోని కాల్క్‌రీసె దగ్గర, క్రీ.శ. 9లో రోమా సైన్యం ఘోరంగా ఓడిపోయిన చోట, 2018లో ఒక పట్టీల కవచం ఇంచుమించు పూర్తిగా దొరికింది. కాబట్టి ప్రభువు నజరేతులో బాలునిగా ఉన్న రోజులకే ఆ కవచం ఉన్నదన్నమాట. అయితే ఉన్నదని తేలినంత మాత్రాన యెరూషలేములో సిలువ దగ్గర నిలిచినవారు దానిని తొడిగారని తేలదు. ఆ సంగతి ముందు చూద్దాం.

రంగు మాట

నాటకాల్లో సైనికుడంటే ఎర్ర అంగీ. 1959 నాటి ‘బెన్‌హర్’ మొదలుకొని ఎన్నో పరదేశపు సినిమాలు, మన దగ్గర 1978లో వచ్చి ఊరూరా తెరకట్టి చూపించిన ‘కరుణామయుడు’, ఇవన్నీ కలిసి మన కళ్లకు ఒక రోమా సైనికుణ్ణి అలవాటు చేశాయి. వేషధారుల్లోనూ ఎరుపు పక్షం, తెలుపు పక్షం అని రెండున్నాయి.

తెలుపు పక్షం వారు చూపించే సాక్ష్యం ఐగుప్తు ఇసుకలో దొరికిన ఒక కాగితం. క్రీ.శ. 138 నాటి ఆ పపైరసు నేతగాళ్లకు ఇచ్చిన ఆర్డరు. కప్పదొకియలోని సైనికుల కోసం నడికట్టుతో కూడిన తెల్లని అంగీ ఒకటి, పొడవు మూడున్నర మూరలు, ధర 24 ద్రాక్మాలు. తెల్లని సిరియా పైవస్త్రాలు నాలుగు. సైనిక ఆసుపత్రికి తెల్లని దుప్పటి ఒకటి. కొలతలు, తూకం, ధరలు అన్నీ రాసి ఉన్నాయి. మగ్గం ముందు కూర్చున్న పోచంపల్లి నేతగాడికి వచ్చే ఆర్డరు ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంది. ఎరుపు పక్షం వారు చిత్రాల్లోని ఎర్ర వస్త్రాలను చూపిస్తారు. ఒకే సైన్యంలో ఒకే రంగు ఉండేదని అనుకోవడమే పొరపాటు కావచ్చునని నిదానంగా మాట్లాడేవారు అంటారు. ఇప్పటి పోలీసు యూనిఫారం వంటి ఏకరూపత ఆ కాలంలో ఉన్నదని చెప్పడానికి ఆధారం చాలదు.

రంగు మాటకు వస్తే సువార్తల్లోనే ఒక సంగతి ఉంది. సైనికులు ప్రభువును అపహసించడానికి తొడిగిన వస్త్రం మత్తయి సువార్తలో ఎరుపు, మార్కు, యోహాను సువార్తల్లో ఊదా. మత్తయి వాడిన గ్రీకు మాట సైనికులు భుజం మీద వేసుకునే పైవస్త్రానికి చెల్లుతుంది. రాజుల ఊదా వస్త్రం చాలా ఖరీదైనది, అది సామాన్య సైనికుల చేతికి దొరకదు. దగ్గరలో ఉన్న ఒక సైనికుని ఎర్ర పైవస్త్రాన్ని రాజవస్త్రంగా వేసి నవ్వారని చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఆ రంగు ఎగతాళి కోసం వాడిన రంగు. మన దర్శకులు గమనించవలసినది ఇది.

మానుకోవలసిన ఒక వందనం

కొన్ని నాటకాల్లో సైనికులు కుడిచేతిని తిన్నగా ముందుకు చాచి కైసరుకు జయము అని కేక వేస్తారు. పిల్లలు దీనిని ఎంతో ఉత్సాహంగా నేర్చుకుంటారు. రోమా సైనికులు ఇలా వందనం చేసేవారని స్పష్టంగా చెప్పే ప్రాచీన గ్రంథం ఒక్కటీ లేదు. ఈ భంగిమ జనం మనసులో స్థిరపడింది ఫ్రెంచి చిత్రకారుడు దవీద్ 1784లో వేసిన హోరేషియస్ సోదరుల ప్రమాణ చిత్రంతో. దాని తరువాత నాటకాలు, మూకీ సినిమాలు దానిని పట్టుకున్నాయి. ఆ తరువాత ఇటలీలో ముస్సోలినీ పక్షం, జర్మనీలో హిట్లరు పక్షం దానిని తమ వందనంగా చేసుకున్నాయి. జర్మనీలో నేడు ఆ నాజీ వందనం చట్టరీత్యా నేరం.

రోమా వేషధారుల్లో చాలా తీవ్రంగా నడిచిన చర్చల్లో ఇదొకటి. “మేము చేసేది రోమా వందనం, నాజీలకూ మాకూ సంబంధం లేదు” అనేవారు కొందరు. “చరిత్రలో ఆధారమే లేనిదాన్ని, లక్షల మంది యూదుల రక్తం అంటినదాన్ని ఎందుకు పట్టుకోవాలి?” అనేవారు ఇంకొందరు. ఈ విషయంలో మేము రెండవవారి పక్షం. యూదుడైన మన రక్షకుని మరణాన్ని గుర్తుచేసుకునే రోజున, మన పిల్లలు తెలియక ఆ చేతిని చాచనక్కరలేదు.

సిలువ దగ్గర నిలిచినవారు ఎవరు?

2017లో ఇంగ్లాండులో ఒక పెద్ద వివాదం రేగింది. బీబీసీ వారు పిల్లల కోసం చేసిన బొమ్మల పాఠంలో రోమా కాలపు బ్రిటన్‌లోని ఒక కుటుంబ పెద్దను, సైన్యాధికారిని, నల్లని చర్మంతో చూపించారు. ఇది అబద్ధమని కొందరు మండిపడ్డారు. చరిత్రకారిణి మేరీ బియర్డ్ అటువంటి మనిషి ఆ కాలంలో ఉండడానికి ఏ అడ్డూ లేదని చెప్పినందుకు ఆమెను తిట్టిపోశారు. అయితే సాక్ష్యం ఆమె వైపే ఉంది. హేడ్రియను గోడ దగ్గర ఉత్తర ఆఫ్రికాకు చెందిన మూరు సైనికుల దళం కాపలా కాసినట్టు శాసనాలు ఉన్నాయి. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ పుట్టింది నేటి లిబియాలో. రోమా సైన్యం అంటే ఒక రంగు మనుషుల సైన్యం కాదు.

మరి యూదయలో? తిబెరి కైసరు కాలంలో లెగియోనులు యూదయలో లేవు. నాలుగు లెగియోనులు పైన సిరియాలో ఉండేవి. పిలాతు చేతికింద ఉన్నది సహాయక దళాలు మాత్రమే. యూదయలోని ఆ సైన్యంలో ఎక్కువమంది కైసరయ, సెబస్తె పట్టణాల వారని యూదు చరిత్రకారుడు జోసెఫస్ గ్రంథాలవల్ల తెలుస్తుంది. సెబస్తె అంటే పాత సమరయ పట్టణం. యూదులతో ఇరుగుపొరుగుగా బ్రతుకుతూ, తరాల పగ మోస్తున్నవారు వీరు. క్రీ.శ. 44లో హేరోదు అగ్రిప్ప చనిపోయినప్పుడు ఈ సైనికులే పండుగ చేసుకుని అతని కుమార్తెల ప్రతిమలను అవమానపరచారని జోసెఫస్ రాశాడు. కోపించిన క్లౌదియ చక్రవర్తి వారిని పొంతు దేశానికి పంపివేయాలని తలచాడు. వారు బ్రతిమాలుకుని ఉండిపోయారు.

ఈ సంగతి మన ప్రాంతంవారికి సులువుగా అర్థమవుతుంది. సికింద్రాబాదు 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరు. తిరుమలగిరి, బొల్లారం బారకాసుల్లో ఇంగ్లీషు అధికారుల కింద కవాతు చేసిన సిపాయిల్లో ఎక్కువమంది ఈ దేశపు బిడ్డలే. జెండా పరాయిది, జీతం పరాయివాడిది, తుపాకి మోసిన భుజం మాత్రం మనది. పిలాతు సైన్యం కూడా అటువంటిదే. ముళ్ల కిరీటం అల్లిన చేతులు ఎక్కడో రోమ్ నుండి వచ్చినవి అనుకుంటే మనకు హాయిగా ఉంటుంది. అవి పక్క ఊరివాళ్ల చేతులై ఉండవచ్చునని తెలిస్తే అప్పుడు సిలువ ధ్యానం మన గుమ్మం దాకా వస్తుంది. యూదుల రాజు అని పిలిచి నవ్విన ఆ నవ్వులో పొరుగువాడి పాత పగ వినబడుతుంది. మన పల్లెల్లో ఒక పేట ఇంకొక పేటను చూసి నవ్వే నవ్వు మనకు తెలియనిదా?

ఇక్కడే మేము ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. చాలా సంఘాల్లో పాత్రలు పంచేటప్పుడు తెల్లగా ఉన్న అబ్బాయికి ప్రభువు పాత్ర, నల్లగా ఉన్న అబ్బాయిలకు సైనికుల పాత్రలు, ఇంకా నల్లగా ఉన్నవాడికి సాతాను పాత్ర ఇస్తారు. ఎవరూ నోటితో అనరు. పిల్లలు మాత్రం గ్రహిస్తారు. అంగీ రంగు మీద గంటసేపు వాదించే మనం, చర్మపు రంగునుబట్టి పాత్రలు పంచే ఈ అలవాటును ఒక్క నిమిషమైనా ప్రశ్నించడం లేదు. చరిత్ర ప్రకారం చూసినా ఇది తప్పే. ప్రభువు పడమటి ఆసియా యూదుడు. సైనికులు కూడా అదే ఎండలో తిరిగినవారు. వారి ముఖాల రంగులో భేదం చూపించడానికి ఏ ఆధారమూ లేదు. వాక్యం ప్రకారమైతే చెప్పనే అక్కరలేదు.

పరిశుద్ధ గ్రంథంలోని మాటలు

సైన్యపు మాటలు కొన్నింటిని సరిగా తెలుసుకుంటే వాక్యం ఇంకా తేటగా కనబడుతుంది. శతాధిపతి అంటే నూరుమందికి అధిపతి అని అర్థం. అయితే ఆ కాలపు సెంచరీలో సాధారణంగా ఉన్నది 80 మంది. అటువంటివి ఆరు కలిస్తే ఒక పటాలం, అంటే 480 మంది. లెగియోను అంటే సుమారు 5,000 మంది. గెరాసేనుల దేశంలో దయ్యము పట్టినవాడు తన పేరు సేన అన్నాడంటే ఎంత భారాన్ని చెప్పుకున్నాడో ఊహించండి.

సిలువ దగ్గర సైనికులు ప్రభువు వస్త్రాలను నాలుగు భాగాలు చేశారని యోహాను రాశాడు. అంటే ఆ పనికి నియమించబడినవారు నలుగురు. చెరసాలలో పేతురుకు కాపలా ఉన్నవారినీ అపొస్తలుల కార్యములు చతుష్టయాలుగానే లెక్కిస్తుంది. వేదిక మీద ఇరవై మంది సైనికులు అక్కరలేదు, నలుగురూ ఒక శతాధిపతీ చాలు. శతాధిపతి శిరస్త్రాణం మీది కుచ్చు ముందునుండి వెనుకకు కాక, ఒక చెవినుండి ఇంకొక చెవివైపు అడ్డంగా ఉండేదని సమాధి శిల్పాలు చూపిస్తాయి. సినిమాల్లో కనబడే తోలు మణికట్టు పట్టీలకు మాత్రం ఆధారం లేదు. ప్రభువుకు అందించిన చిరక, నీళ్లు కలిపిన పులిసిన ద్రాక్షారసం, సైనికులు రోజూ తాగే పానీయమే.

కపెర్నహూము శతాధిపతి మాటేమిటి? ఆ రోజుల్లో గలిలయ హేరోదు అంతిప పాలనలో ఉంది, రోమా సైన్యం అక్కడ విడిది చేయలేదు. అందుచేత అతడు రోమా అధికారా, అంతిప కొలువులోని అన్యుడా అని పండితులు వాదిస్తారు. ఏది నిజమైనా అతడు అన్యుడే, అతని విశ్వాసాన్ని ప్రభువు మెచ్చుకున్నాడు. వాదన తేలకపోయినా పాఠం చెడదు.

ఎఫెసీయుల పత్రిక ఆరవ అధ్యాయంలోని సర్వాంగ కవచం గురించీ ఒక మాట. దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణం, ఖడ్గం. పౌలు తన కాపలా సైనికుని చూస్తూ ఇవి రాశాడని తరచుగా చెబుతాం. అయి ఉండవచ్చు. కానీ యెషయా 11, 52, 59 అధ్యాయాలు తెరిచి చూడండి. నడికట్టు, సువార్త తెచ్చే పాదాలు, నీతి కవచం, రక్షణ శిరస్త్రాణం అక్కడ ముందే ఉన్నాయి, అందులో కవచం, శిరస్త్రాణం ధరించినవాడు దేవుడే. డాలుకు పౌలు వాడిన గ్రీకు మాట తలుపు అనే మాటనుండి వచ్చింది. సిరియాలోని దూరా యూరోపోస్‌లో దొరికిన మూడవ శతాబ్దపు రోమా డాలు ఇంచుమించు మూడున్నర అడుగుల ఎత్తు ఉంది. విశ్వాసాన్ని చేతిపళ్లెమంత డాలుగా గీసే పటాలను మార్చుకోవడం మంచిది.

వాదించడం ఎలా?

చరిత్రను ప్రేమించేవారి దగ్గర మనం నేర్చుకోవలసిన మర్యాద ఒకటుంది. 1968లో యెరూషలేములో సిలువ వేయబడిన ఒక మనిషి ఎముకలు దొరికాయి. యెహోహనాను అని పెట్టె మీద పేరుంది. మడమ ఎముకలో మేకు ఇంకా దిగి ఉంది. 1970లో మొదటి పరిశీలకుడు, మేకు పొడవు 17 సెంటీమీటర్లు ఉంటుందని, రెండు మడమలకూ ఒకటే మేకు కొట్టారని రాశాడు. 1985లో ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే ఎముకను మళ్లీ కొలిచారు. మేకు 11.5 సెంటీమీటర్లే, గుచ్చుకున్నది ఒక్క మడమకే అని తేల్చారు. మొదటివాడు ఎగతాళి పాలు కాలేదు. కొలత సరిదిద్దబడింది, అంతే.

అలాగే పిలాతును రోమా చరిత్రకారుడు టాసిటస్ ప్రొక్యురేటరు అన్నాడు. 1961లో కైసరయలో దొరికిన రాతిమీద అతని పదవి ప్రిఫెక్ట్ అని ఉంది. పిలాతు బ్రతికి ఉండగా చెక్కిన రాయి మాట్లాడినప్పుడు వాదన ముగిసింది.

కాబట్టి మన రిహార్సళ్లలో ఎవరైనా “ఇది తప్పు” అంటే మూడు ప్రశ్నలు అడుగుదాం. దీనికి రాయి, కాగితం, లోహం వంటి సాక్ష్యం ఉందా? సాక్ష్యంనుండి చేసిన ఊహా? లేక సినిమా చూసి అలవాటైనదా? మొదటిదైతే ఒప్పుకుందాం. రెండవదైతే ఇద్దరి మాటా వినదగినదే. మూడవదైతే అలవాటు కోసం తోటి విశ్వాసితో తగవు పడనక్కరలేదు. సందేహం ఉన్నప్పుడు తక్కువ ఖర్చైనది ఎంచుకుందాం. ముతక తెల్ల అంగీ, నడుముకు తోలు పట్టీ, చెప్పులు, ఈటె. సహాయక దళ సైనికునికి ఇది చరిత్రకు దూరం కాదు. అద్దె కవచాలకు పోసే డబ్బుతో ఆ వారంలో గాంధీ ఆసుపత్రి వార్డుల్లో ఉన్నవారికి భోజనం పెట్టవచ్చు.

రోమ్ మనకు ఎక్కడో దూరాన ఉన్న సంగతి అనుకోవద్దు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఔగుస్తు, తిబెరి కైసర్ల వెండి నాణేలతో కూడిన నిధి దొరికింది. సువార్తల్లో మనం చదివే దేనారము అదే. ఆ రోజుల్లో లెగియోను సైనికుని సంవత్సరపు జీతం 225 దేనారాలు. ప్రభువు కాలంలో కొట్టిన నాణెం మన నేలమీదికి వచ్చి పడిందంటే, ఆ లోకం మన లోకంతో ఎప్పుడో కలిసిపోయింది.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సైనికులు కూడా వచ్చి మేమేమి చేయాలి అని అడిగారని లూకా రాశాడు. యోహాను వారి కవచం గురించి మాట్లాడలేదు. ఎవరినీ బెదిరించి దోచుకోవద్దని, అబద్ధపు నేరాలు మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. ఈ సంవత్సరం సైనికుని వేషం వేయబోయే మన పిల్లలకు సంభాషణలతోపాటు ఆ భాగాన్నీ చదివి వినిపించండి. పాత్రలు ముఖపు రంగు చూడకుండా పంచండి. వీలైతే ప్రభువు పాత్రను ఎప్పుడూ సైనికుడిగానే నిలబడిన అబ్బాయికి ఈసారి ఇచ్చి చూడండి.